నాలుగు రబ్బరు ముక్కలు

మళ్ళీ గోడ మోగింది.

కొత్త వడ్రంగి పళ్ళు నూరుకుంటూ, చెక్క అంచులు చెక్కే రూటర్ మెషిన్ ఆపాడు. చెక్కగోడకి అవతలి గదిలో ఓనరు తల్లి కూర్చుని ఉంది. చేతికర్రతో దబదబా బాదడం ఆవిడ పని, ఆపడం ఇతని పని. పొద్దున్నుంచీ ఇదే తంతు.

"ఆపేశానమ్మా!" అని అరిచాడు.

అవతల్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

పొద్దున వస్తూ నమస్కారం పెట్టినప్పుడూ అంతే. చెప్పులు పక్కన విడిచి, రెండు పాదాలూ ఈ గదిదాకా పరిచిన చెక్కనేలకి ఆనించి, కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తల కూడా తిప్పలేదు. ఎంత పొగరో అనుకున్నాడు. ఒకప్పుడు ఈ మెషిన్ మీద ఆవిడే పని చేసేదట మరి.

"సాయంత్రానికి ఈ అల్మారా తలుపుల అంచులన్నీ అయిపోవాలి. మాడిన మచ్చ కనపడిందా, రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నాడు ఓనరు పొద్దున పని అప్పగిస్తూ. "అన్నట్టు, అమ్మ గోడ కొడితే వెంటనే ఆపెయ్." ఎందుకో చెప్పేలోపు ఫోన్ మోగింది. మాట్లాడుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

ఈ పని పోతే ఇంటికెళ్ళే మొహం లేదు. నోటి దురుసుతో ఇప్పటికే చాలా షాపులు మారాడు. బయల్దేరేటప్పుడు భార్య మరీ మరీ చెప్పింది: "ఎవరేమన్నా నోరు కుట్టేసుకో. ఈసారీ గొడవపడి వచ్చావంటే నేను మా అమ్మ దగ్గరికి పోతా."

ఊరికే నిలబడితే అతని చేతులు ఊరుకోవు. మెషిన్ ఆపిన ప్రతిసారీ కోపమంతా ఇత్తడి బ్రష్ మీద చూపించేవాడు. బోర్డులోని జిగురు వేడికి కరిగి, గిర్రున తిరుగుతూ చెక్కని కోసే బిట్‌కి ముదురు పాకంలా అంటుకుంటుంది. దాన్ని పరపరా గీకేసి మళ్ళీ మొదలుపెట్టేవాడు. అంచు తెల్లగా, నున్నగా వచ్చేది. కాస్త పని సాగేసరికి మళ్ళీ దబదబా.

"పాము చెవులు!" అని గొణుక్కున్నాడు.

మధ్యాహ్నానికి ఇంకో రెండుసార్లు బాదేసరికి కోపం పోయి జాలి మొదలైంది. ముసలి ప్రాణం. పక్కన ఇంత రొద పెడితే కునుకెలా పడుతుంది? మూలన పాత రబ్బరు పట్టా కనిపించింది. నాలుగు ముక్కలు కోసి మెషిన్ కాళ్ళ కింద దూర్చాడు.

ఆన్ చేశాడు. అతనికి రొద అంతే వినిపించింది. కానీ గోడ మోగలేదు!

హమ్మయ్య అనుకున్నాడు. ఇక ఆగలేదు. ఓ కన్ను గడియారం మీద, ఓ కన్ను మిగిలిన బోర్డుల మీద. ఒకటి అవగానే ఇంకోటి తోసేశాడు. మాడు వాసన మాస్కు దాటి ముక్కుకి తగిలేసరికి జరగాల్సింది జరిగిపోయింది. బిట్ నల్లగా బంక కట్టింది. చివరగా పేర్చిన తలుపుల అంచులన్నీ మాడిపోయి ఉన్నాయి.

అప్పుడే ఓనరు వచ్చాడు. తలుపుల వంక చూశాడు.

"అమ్మ గోడ కొట్టలేదా?"

"మధ్యాహ్నం నుంచీ ఒక్కసారి కూడా లేదండీ."

ఓనరు మొహం పాలిపోయింది. "అమ్మా!" అంటూ అవతలి గదిలోకి పరిగెత్తాడు.

కాసేపటికి పెద్దావిడే కర్ర పట్టుకుని నిక్షేపంలా నడిచొచ్చింది. వంగి మెషిన్ కాళ్ళు చూసింది.

"ఈ రబ్బరు ఎవడు పెట్టాడు?"

"నేనేనమ్మా. మీ నిద్ర పాడవుతోందని..."

"ఎవడు పెట్టాడంటే!" ఆవిడ ఇంకా గట్టిగా అరిచింది.

అతను తల దించుకున్నాడు. భార్య మాట గుర్తొచ్చి, వేలితో తనవైపే చూపించుకున్నాడు.

వచ్చిన కోపం ఎటుపోయిందో, ఓనరు నవ్వాలో ఏడవాలో తెలియనట్టు చూశాడు.

"ఆ రబ్బరు తీసేసి, రేపు కొత్త బోర్డులతో మొదలుపెట్టు," అన్నాడు. "బిట్‌కి బంక పట్టినప్పుడే ఆవిడ గోడ కొట్టేది. మా అమ్మకి రెండు చెవులూ ఎప్పుడో పోయాయయ్యా, మెషిన్ని ఆవిడ వినేది అరికాళ్ళతో."