గేటు దగ్గర ర్యాంపు

పార్కు గేటు దగ్గర మెట్లు కొట్టేసి ర్యాంపు కట్టారు. ఆయన చక్రాల కుర్చీ మొదటిసారి లోపలికి వెళ్లింది.

"ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరగలేను కదా, ఫోన్లోనే వాళ్ల ప్రాణాలు తోడేశాను," అని నవ్వాడాయన.

"మంచి పని చేశారు," అంది కుర్చీ తోస్తున్న భార్య.

"నీకోసమే. రోజూ నన్ను గేటు బయట ఉంచి, ఒక్కదానివే రౌండు కొట్టొచ్చేదానివి. చూస్తే మనసు చివుక్కుమనేది. ఇక నేను తోడుంటాగా."

ఆమె తలూపింది.

పొదల మలుపు దాటాక ఒక బెంచీ వచ్చింది. గేటు నుంచి అది కనిపించదు. ఆమె ఏనాడూ రౌండు కొట్టలేదు. ఈ బెంచీ మీద ఊరికే కూర్చుని వెళ్లేది. రోజు మొత్తంలో ఆమెను ఎవరూ పిలవని సమయం అదొక్కటే.

"ఇక్కడ కాసేపు కూర్చుంటావా?" అన్నాడాయన.

"వద్దులెండి," అని ఆమె కుర్చీని ముందుకు తోసింది.