ఒంటి కుండీ

"ముందు చెవి పెట్టనివ్వండి దోర్కమ్మగారూ, ధర తరవాత" అంటూ లూకా ఆమె తెచ్చిన బోన్సాయ్ కుండీని బోర్లించి, వేలి కణుపుతో తట్టాడు. పింగాణీ ఖంగుమంది.

తట్టి వినడం అతనికి రైల్వే ఉద్యోగం నేర్పిన విద్య. సుత్తితో బండి చక్రాలు పరీక్ష చేసే రోజుల్లో, మెయిలు చక్రాన్ని ఒక్కసారి తట్టి, అది బాలాసోర్‌లో విరుగుతుందో, బరంపురం దాకా ఓపిక పడుతుందో చెప్పేవాడట. ఓసారి అతని సుత్తి చూసి భయపడి ఇంజనే నిజం ఒప్పేసుకుందని ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. రిటైరయ్యాక చక్రాలు పోయి, పాతవో కావో తేల్చి ధర కట్టడానికి కుండీలొచ్చాయి.

భార్య పోయి ఒంటరిగా ఉంటున్న అతని ఇంటికి, భర్త పోయిన దోర్కమ్మ ప్రతి ఆదివారం చర్చి కాగానే ఒక కుండీతో వస్తోంది. ఓడల్లో తిరిగిన ఆమె పెద్దనాన్న జపాను నుంచి ఇలాంటివి పెట్టెడు తెచ్చాడట. ఆ రోజు లూకా గడ్డం రెండుసార్లు గీసుకుంటాడు.

"కుండీ కాళ్లకి మెరుపు పూత నేదు. అడుగున ముద్ర లోతుగా ఉంది. గోటితో గీకినా నీటి మరక పోవట్లేదు. పాతదే!"

"అయితే ధర సెప్పీండి, అమ్మేత్తాను. పెట్టె కాళీ అయిపోనాది. ఇదే ఆకరిది."

లూకా గుండెలో ఎర్ర సిగ్నల్ పడింది. ధర చెబితే ఇక ఆదివారం ఏ వంకన వస్తుంది?

"ధరెలా సెప్తానండీ! ఇలాటివి బట్టీలో జతగా కాలుస్తారు. ఒంటిదానికి ధర కడితే తప్పు. రెండోది తెండి."

"రెండోదా? ఎక్కణ్నించి తేనండీ?"

"పెట్టె అడుగున సూడండి, ఉంటాది."

"ఏటో మీ సాదస్తం! సరే, సూత్తాను. వచ్చే ఆదివారం టీలో పంచదార తగ్గించండి" అంటూ ఆమె కుండీని సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కింది.

లూకా ఆనందం పట్టలేక గుమ్మాన్ని, కుర్చీని, తన బట్టతలని వరసగా తట్టి చూశాడు. అన్నీ ఖంగుమన్నాయి. అంత భక్తిగల మనిషితో అబద్ధమాడినందుకు వెంటనే మోకరించి, ప్రభువుని క్షమించమనీ, ఆ పెట్టె అడుగున నిజంగానే ఇంకొకటి దొరికేలా చూడమనీ వేడుకున్నాడు.

అప్పటికే దోర్కమ్మ, తను ఎప్పుడూ కొనే ఇందా బజారు కుండీల దుకాణంలో, నిన్న కొన్న కుండీకి జత అడుగుతోంది.