ఏడవని అక్క

"నలభై ఏడో పేజీ దగ్గర ఆపేశానే సొలాంజ్," అంది మతిల్డ్, బఠాణీలు వలుస్తూనే.

పారిస్ పత్రికల్లో ముప్పై ఏళ్లుగా ఇతరుల నవలలను చీల్చి చెండాడిన విమర్శకురాలు సొలాంజ్. తన కొత్త నవలను మాత్రం నాంత్‌లో ఉంటున్న డెబ్బై నాలుగేళ్ల అక్క చేతికివ్వడానికి మూడు నెలలు వెనకాడింది.

"ఏం, ఎందుకాపావు?"

"అమ్మను పూడ్చిన రోజు ఉంది కదా అక్కడ. అక్క కంట చుక్క నీరు రాలేదనీ, ఆమెది రాతిగుండె అనీ రాశావు."

"అది నవల అక్కా. అందులో అక్క నువ్వు కాదు."

"నాకు కబుర్లు చెప్పకు. నా నీలం కోటు కూడా అందులో దించేశావు."

సొలాంజ్ తల వంచుకుంది. "నాకప్పుడు తొమ్మిదేళ్లు. చూసిందే రాశాను. నువ్వు ఏడవలేదు."

"ఏడవలేదు," అని ఒప్పుకుంది మతిల్డ్. "శవపేటిక లేపేముందు నాన్న నన్ను పక్కకు పిలిచాడు. నువ్వేడిస్తే చెల్లి బెదిరిపోతుంది, ఓర్చుకోమ్మా అన్నాడు. నాకు పదిహేనేళ్లు. ఓర్చుకున్నాను."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడడిగావే?"

సొలాంజ్ కుర్చీ దగ్గరికి జరుపుకుని అక్క చేతులు పట్టుకుంది.

"పోనీ, ఆ తర్వాతైనా ఏడ్చావా?"

మతిల్డ్ చాలాసేపు ఆలోచించింది.

"ఇంక ఏడవచ్చని నాన్న మళ్లీ చెప్పలేదు," అంది.