పద్నాలుగు సున్నాలు

"మళ్లీ రాసుకురా" అంటూ మేనేజరు లీవు లెటరును బల్ల మీదుగా తోశాడు. ఇది నాలుగోసారి. కాగితం నిండా దద్దుర్లు లేచినట్టు ఎర్ర సున్నాలు.

కొత్త పెళ్లికూతురు గోడ గడియారం వంక చూసింది. రెండున్నర. నాలుగింటికి బస్సు. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి వెళ్తున్న మొదటి ప్రయాణం. సముద్రం పక్కన మూడు రోజులు! రెండు టికెట్లలో ఒకటి కిటికీ సీటని తెలిసినప్పటి నుంచి ఆమె కాళ్లు నేల మీద ఆనడం లేదు. సంతకం పడకపోతే ఆ కిటికీ సీటులో ఇంకెవరో కూర్చుంటారు.

"ఇంక తప్పులేమున్నాయి సార్?"

"ఏం లేవు? 'మైసెల్ఫ్ అండ్ మై హస్బెండ్' ఏంటమ్మా? నువ్వు ముందెక్కి కూర్చుంటే ఆయన బస్సు వెనకాల పరిగెత్తుకొస్తాడా? ఇంగ్లీషులో మన గురించి మనం ఆఖర్న చెప్పుకోవాలి. పైగా 'రిటర్న్ బ్యాక్' ఒకటి! రిటర్న్ అంటేనే వెనక్కి రావడం. ఎన్నిసార్లు వెనక్కొస్తావు?"

"ఒక్కసారే సార్. సోమవారం."

"అయితే ఒక్కసారే రాయి. తప్పుల్లేని లెటరు తే, క్షణంలో సంతకం పెడతా. తప్పుల కింద సంతకం పెట్టడానికి మాత్రం నాకు చెయ్యి రాదు."

పార్సిల్ ఆఫీసులో అందరూ చాటుగా ఆయన్ని సున్నాల సారు అంటారు. కాగితం చేతికొస్తే చాలు, రాసిందెవరో చూడడు, ఎందుకు రాశారో చూడడు. మూత తీసిన ఎర్ర పెన్నుతో తప్పుల వేటకు బయల్దేరతాడు.

ఆమె కాళ్లీడ్చుకుంటూ సీటు దగ్గరకు వచ్చేసరికి ఫోను మోగింది. మొగుడు.

"ఏమోయ్, బయల్దేరావా? నేను బస్టాండుకు వచ్చేశా. కిటికీ అద్దం పూర్తిగా తెరుచుకుంటుందట, డ్రైవర్నడిగి కనుక్కున్నా!"

"లీవింకా రాలేదండీ."

"ఏం? నన్ను సారుతో మాట్లాడమంటావా?"

"వద్దు బాబూ! మీ ఇంగ్లీషు వింటే ఇద్దర్నీ కూర్చోబెట్టి రాయిస్తాడు."

పక్క సీట్లో టైపిస్టు అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఆఫీసు నుంచి బయటికెళ్లే ప్రతి ఉత్తరమూ ఆవిడ వేళ్ల కిందనుంచి వెళ్లవలసిందే.

"నీదింకా నయమే పిల్లా. స్టోరు కీపరు జ్వరమొచ్చి లీవడిగాడు. 'సఫరింగ్ విత్ ఫీవర్' కాదు, 'ఫ్రమ్ ఫీవర్' అని దిద్ది దిద్ది రాయించేసరికి పాపం జ్వరం తగ్గిపోయింది. జ్వరం లేదు కాబట్టి లీవు లేదన్నాడు."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావక్కా?" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తెల్లకాగితం తీయ్. నేను చెబుతా, నువ్వు రాయి. పేరూ తేదీలూ మాత్రం నీవి పెట్టుకో. మిగతాదంతా నేను చెప్పింది చెప్పినట్టు దించాలి."

అక్క కళ్లు మూసుకుని పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది. రాస్తున్న ఆమె పెన్ను మొదటి వాక్యంలోనే ఆగింది.

"'ఐ యామ్ హ్యావింగ్ అర్జెంట్ వర్క్' అంటున్నావేంటక్కా? పొద్దున దానికే నాకు సున్నా పడింది!"

"ఈ లెటరుకు ఇంతవరకూ ఈ ఆఫీసులో ఒక్క సున్నా పడలేదు. పూచీ నాది. రాయి."

మూడూ ఐదుకు ఆమె కాగితం మేనేజరు ముందు పెట్టింది. ఆయన చూపు వాక్యాల మీద పడగానే ముఖం వెలిగిపోయింది.

"'ఐ యామ్ హ్యావింగ్' మళ్లీ వచ్చిందే!" ఒక సున్నా. "'డిస్కస్డ్ అబౌట్'. ఆ 'అబౌట్' ఎందుకమ్మా మధ్యలో, తోకలాగా?" ఇంకో సున్నా. "'స్టాఫ్స్'! ఆహా! 'రిప్లై బ్యాక్'! ఓహో!" పెన్ను పరుగులు తీసింది. పద్నాలుగో సున్నా చుట్టి, వడ్డించిన విస్తరి ముందు కూర్చున్నవాడిలా తృప్తిగా వెనక్కి వాలాడు.

"నా సర్వీసులో ఇంత ఘోరమైన ఇంగ్లీషు చూడలేదు. ఎవరు నేర్పారమ్మా నీకిది?"

"మీరే సార్" అంది వెనకనుంచి టైపిస్టు అక్క. చంకలో ఫైలుంది.

"నేనా?"

"మూడు వారాల కిందట మీరు హెడ్డాఫీసుకు పంపిన లీవు లెటరు సార్. మీరు చెప్పారు, నేను కొట్టాను. కామా కూడా కదపొద్దన్నారు. ఇదిగో కార్బన్ కాపీ."

రశీదులు రాస్తున్న చేతులన్నీ ఆగిపోయాయి. తూకం దగ్గర మనిషి పార్సిలెత్తి పట్టుకుని, దించడం మరిచిపోయాడు. మేనేజరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి వేలితో ఒక్కో వాక్యం సరిచూసుకున్నాడు. చెవులు ఎర్రసిరా రంగుకు తిరిగాయి. కొత్త పెళ్లికూతురు బల్ల దగ్గర్నుంచి ఒకడుగు వెనక్కి వేసింది. లీవు మాట దేవుడెరుగు, ఉద్యోగమైనా మిగులుతుందా?

ఆయన ఎర్ర పెన్ను మూత పెట్టాడు. నీలం పెన్ను తీశాడు. పద్నాలుగు సున్నాల కింద సంతకం గీకి, ఠపీమని స్టాంపు కొట్టాడు.

"థాంక్యూ సార్!" ఆమె హ్యాండుబ్యాగు భుజాన వేసుకుని ఒక్క గంతులో గుమ్మం చేరింది.

"అమ్మాయ్, ఆగు."

ఆమె గుమ్మం పట్టుకుని వెనక్కి తిరిగింది. మేనేజరు అటూ ఇటూ చూసి, లేచి దగ్గరకొచ్చి, గొంతు బాగా తగ్గించాడు.

"బస్సెక్కాక తీరిగ్గా ఆ పద్నాలుగూ దిద్ది నాకో మంచి కాపీ రాసిపెట్టమ్మా... హెడ్డాఫీసు వాళ్లు నా లీవు ఇన్నాళ్లూ ఎందుకు ఆపారో ఇప్పుడు తెలిసింది."