గుర్రం తోలులో గంజాయి

“నా గుర్రానికి గంజాయి అలవాటు లేదు సార్, పోచమ్మతోడు!” హన్మాండ్లు టాంగాకు అడ్డంగా నిలబడ్డాడు.

నిరుడు గుర్రానికి గజ్జి లేస్తే దొరకని పశువుల డాక్టరు, ఇప్పుడది నిగనిగలాడుతుంటే బోధన్‌లో ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

డాక్టరు తల కొట్టుకున్నాడు. “తాగుతుందనలేదయ్యా! గంజాయి గుణాన్ని పట్టుకునే గూళ్లు చర్మంలో ఉంటాయి, ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి కూడా. మా పరిశోధనకు కందిబద్దంత తోలు ముక్క చాలు.”

“మనుషులకు సుత ఉంటయా సార్?”

“ఉంటాయి. పుట్టుకతోనే.”

హన్మాండ్లు ముఖం గంజాయి చిలుంకు నిప్పంటుకున్నట్టు వెలిగింది. ఛాతీ విరుచుకుని పెండ్లాం వైపు తిరిగాడు. “ఇన్నవా? పుట్టుకతోనే ఉన్నయట! రోజు తిడ్తివి గదనే. గంజాయి తాగుడు నా తప్పు గాదు.”

గంగుబాయి టాంగా ఎక్కి పగ్గాలందుకుంది. “గిది గిరాకి యాళ్ల సార్, మాపటికి రండ్రి” అని డాక్టరుతో చెప్పి, మొగుడి వైపు చూసింది.

“గుర్రానికి సుత ఉన్నయట గదా. మరి గది పొద్దుగాల్నే లేసి పనికి పోతున్నది.”

షక్కర్ ఫ్యాక్టరీ సైరన్ మోగింది. ఎవరూ అదిలించకముందే గుర్రం అడుగేసింది.

హన్మాండ్లే పక్కకు జరిగాడు.