మీది ఏ తండా?

గేటు చప్పుడైంది.

పూజ విసుక్కుంది. పది గంటలకు సెమినార్. పేపర్ ఇంకొక్కసారి చూసుకుందామంటే తీరడం లేదు. కింద రోడ్డు మీద కారులో తోటి లెక్చరర్ శ్వేత మేడం అప్పటికే రెండుసార్లు హారన్ కొట్టింది.

ఫైలు పట్టుకుని మెట్లు దిగేసరికి గేటు దగ్గర ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. తలకు ఎర్ర రుమాలు, మోకాళ్ల దాకా దుమ్ము, భుజాన గుడ్డలో చుట్టిన తంతి వాద్యమేదో.

ఆమెను చూడగానే ముఖమంతా నవ్వుతూ, బాగున్నావా బిడ్డా అని లంబాడీలో పలకరించాడు.

ఆమెకు అర్థమైంది. తెలుగులో జవాబిచ్చింది.

“ఏం కావాలి తాతా?”

ఆయనా తెలుగులోకి మారాడు. “ఏమద్దు బిడ్డా. ఒక్క మాట అడిగి పోత. మీది ఏ తండా?”

కారులోంచి శ్వేత తల బయటికి పెట్టింది.

పూజ జనగామలో లెక్చరర్‌గా చేరి ఆరేళ్లు. కాలేజీలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆమె చెప్పనూ లేదు. ఇప్పుడు ఈయన నడిబజారులో నిలబడి గొంతెత్తి అడుగుతున్నాడు.

“తండా గిండా ఏం లేదు. మాది జనగామే.”

“జర యాది చేసుకో బిడ్డా.”

“లేదని చెప్తున్నాను కదా!”

పర్సులోంచి పది రూపాయలు తీసి చాపింది. ఆయన చెయ్యి చాపలేదు. నోటునూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

“అట్లనా? సల్లగుండు బిడ్డా,” అని పక్కకు జరిగాడు.

“ఎవరు పూజా?” కారెక్కుతుంటే శ్వేత అడిగింది.

“ఎవరో. అడుక్కునేవాళ్లు.”

సెమినార్ పేరు ‘ప్రగతి – మూల్యం’. పూజ పేపర్ భూపాలపల్లి దగ్గర బొగ్గు తవ్వకం కింద మాయమైన ఒక తండా గురించి. ముప్పై పేజీలు. ‘ఆ తండావాసులు’ అని రాసింది, ‘వారు’ అని రాసింది. ‘మేము’ అన్న మాట ఒక్కచోట కూడా లేదు. ఆమె పుట్టింది ఆ తండాలోనే. ఆరేళ్లప్పుడు తండ్రి సైకిల్ మీద కూర్చోబెట్టుకుని హాస్టల్లో దింపి వచ్చాడు.

“పూర్వం కాలాన్ని చక్రమన్నారు. తిరిగి తిరిగి అక్కడికే వస్తుందన్నారు. తర్వాత దారి అన్నారు, ముందుకే పోతుందన్నారు. ఆ దారి ఎవరి పొయ్యిల మీదుగా పోయిందో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు,” అని చదివింది.

చప్పట్లు మోగాయి.

వెనక వరుసలోంచి సోమనర్సయ్య అనే రిటైర్డ్ పంతులు లేచాడు. “మంచిగ రాసినవమ్మా. గా తండా ముచ్చట చెప్పెటోళ్లు ఒక్కరన్న దొరికిండ్రా?”

“లేరు సార్. మూడేళ్లు వెతికాను. ఒక్కరూ దొరకలేదు.” తండ్రి మాట ఎత్తలేదు.

హాలంతా అయ్యో అనుకుంది. శాలువా కప్పి, ఫొటో తీశారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కింద వాటాలో ఉండే ఇంటామె గుల్షన్ బేగం అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది.

“టీచరమ్మా, పొద్దుగాల వచ్చిన బుడ్డాయన నువ్వు పోయినంక గీ అరుగు మీదనే కూసున్నడు. నీళ్లిచ్చిన. పాట పాడిండు.”

“ఏం పాట ఆంటీ?”

“భాష సమజ్ కాలే. అన్నీ పేర్లే. తస్బీ పూసలు తిప్పినట్టు ఒక పేరెనుక ఒక పేరు. ఆఖరుకు అమర్‌సింగ్ అని ఆగిండు. పైకి, నీ తలుపు దిక్కు చానసేపు చూసిండు. ఇంక పాడలే. లేచి పోయిండు. అమర్‌సింగ్ అంటే ఎవరు బిడ్డా?”

పూజ మెట్లెక్కబోయి ఆగింది. అమర్‌సింగ్ ఆమె తండ్రి.

ఈ వారంలో రెండుసార్లు ఆయన ఫోన్ చేస్తే, సెమినార్ అయిపోనీ, తీరిగ్గా మాట్లాడదాం అని కట్ చేసింది. మెట్ల మీదే నిలబడి ఇప్పుడు తనే చేసింది.

తండ్రి ఏడుస్తున్నాడు. “దేవ్యా పోయిండు బిడ్డా. తొర్రూరు బస్సుల కూసున్నోడు కూసున్నట్టే. ఆయన ఫోన్ల ఆఖరి నంబర్ నాదేనని కండక్టర్ నాకే చేసిండు.”

“దేవ్యా ఎవరు బాపూ?”

“మన ఢాడీ బిడ్డా. మన వంశాలు పాడెటోడు. తాత ముత్తాతలు, ఎక్కడికెల్లి వచ్చినం, ఏ బాయి ఎవరు తవ్విండ్రు, పద్నాలుగు తరాల ముచ్చట ఆయనకు నోటికొచ్చు. తండా పోయి నలభై ఇండ్లోళ్లం చెల్లాచెదురైతిమి గద. పిల్లల పేర్లు పాటల కలుపనీకి మూడేండ్లసంది ఊరూరు తిరుగుతుండు. నువ్వొక్కదానివే మిగిలినవ్. గది చెప్పనీకే ఫోన్ చేసిన.”

“నా పేరు నువ్వే చెప్పకపోయినవా బాపూ?”

“మేం చెప్తే కలుపడు. ఆయన పేరు పెట్టి పిలువడు గూడ. మీది ఏ తండా అని అడుగుతడు. పిల్లలు వాళ్ల నోటితోని చెప్పాలె. అప్పుడే కలుపుతడు.”

“గా పాట ఇంకెవరికన్న వచ్చునా?”

“ఎవరు నేర్సుకున్నరు బిడ్డా? అందరం మిమ్మల్ని సదివిచ్చుకుంటిమి.”

పూజ మెట్ల మీద కూర్చుంది. మూడేళ్లు ఏ లైబ్రరీలో వెతికినా దొరకని మనిషి గేటు దగ్గరికి నడిచొస్తే, పది రూపాయలు చూపించి పంపేసింది. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

“బాపూ, ఆయన నా గురించి ఏమన్న చెప్పిండా?”

“ఇయ్యాల పగటీలి జనగామ బస్టాండ్ల నుంచి ఫోన్ చేసిండు. ‘అమర్‌సింగ్, ఎండల ఎంత తిరిగినా నీ బిడ్డ ఇల్లు దొరకలే, మల్లొక్కసారి వస్త’ అన్నడు. నేనే అడ్రస్ సక్కగ చెప్పలేదేమో బిడ్డా.”