ముందు ముద్ద

చేపముక్క కోసం చాచిన దివ్య చేతి మీద గరిట కాడతో ఒక్కటి పడింది.

"ఇంకా కాలేదు. చెయ్యి తియ్యి పిల్లా," అంది పొయ్యి దగ్గరి ముసలామె, తల ఎత్తకుండానే.

కనకలక్ష్మి కూతుర్ని గబుక్కున వెనక్కి లాక్కుంది.

తెనాలిలో రైలెక్కిన దగ్గర్నుంచీ ఆమెకు అన్నీ భయాలే. రేపల్లెలో దిగి ఆటో మాట్లాడుకుంటే, ఆ డ్రైవర్ సీమోను నడుపుతూ నిద్రపోతాడేమోనని భయం. సముద్రం దగ్గరికొస్తే అల లాక్కుపోతుందేమోనని భయం. దొరల కాలం నాటి ఈ సరుకుల బంగళాలో పెచ్చులూడి పిల్ల నెత్తిన పడతాయేమోనని భయం.

పదేళ్ళ దివ్య వారం నుంచి పోరితేనే కనకలక్ష్మి బయల్దేరింది. బంగళా చూడాలట. దాని అరుగు మీద సుగుణమ్మ వండే చేపల పులుసు తినాలట. బడిలో అందరూ తినొచ్చారట.

"పులుసు ఉడికిపోయింది కదండీ," అంది కనకలక్ష్మి.

సుగుణమ్మ దాకలోంచి ఒక ముక్క తీసి, ఊది, తన నోట్లో వేసుకుంది. తాపీగా నమిలింది. ఇంకో ముక్క తీసింది.

"ఏంటండీ అది? మాకు పెట్టకముందే ఎంగిలి చేస్తారా?"

"అవును. ముందు నేను తింటా. కాసేపు ఆగి మీకు పెడతా."

"అదేం పద్ధతి?"

"నా పద్ధతి."

"డబ్బులిచ్చి మరీ మీ ఎంగిలి తినాలా?"

"బొట్టు పెట్టి పిలిచానా? నచ్చితే కూర్చో. లేకపోతే దారి అదిగో."

దివ్య మొహం చూసి కనకలక్ష్మి కోపాన్ని పంటి బిగువున ఆపుకుంది. వాళ్ళిద్దరూ తప్ప ఆ పూట ఇంకెవరూ రాలేదు. ముందు ఖాళీ విస్తళ్ళు, ఎదురుగా అలలు. సుగుణమ్మ సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. మధ్యమధ్య వేలితో పెదాలు తడుముకుంటోంది.

"అమ్మా, ఆకలేస్తోంది," దివ్య గొణిగింది.

"పిల్ల ఆకలంటోందండీ. ఎంగిలో, ఏదో ఒకటి. పెట్టండి."

సుగుణమ్మ లేచింది. దాక దించింది. అరుగు పక్కన ఇసకలో గుంట తీసి, పులుసంతా ముక్కలతో సహా అందులో పోసేసింది. పైన కాళ్ళతో ఇసక కప్పింది. వాలబోయిన కాకిని గరిటతో అదిలించింది.

"ఈ పూట లేదు. వెళ్ళండి."

కనకలక్ష్మికి ఒళ్ళు మండిపోయింది.

"ఒక్క మాటన్నందుకు ఇంత కక్షా? కాకిక్కూడా దక్కకుండా పూడ్చేస్తావా?"

"కాకిక్కూడా," అంది సుగుణమ్మ.

వచ్చి దివ్య గడ్డం పట్టుకుంది. "నోరు తెరువు. ఇందులోది ఏమన్నా తిన్నావా?"

"ఎక్కడ? నువ్వు కొట్టావుగా."

"మంచిపని చేశా."

కనకలక్ష్మి ఆ చెయ్యి విదిలించి కొట్టింది.

"పిల్లని ముట్టుకోకు. తాగావా ఏంటి, మాట తూలుతోంది? నీ పిల్లలకైతే ఇలాగే పెడతావా?"

సుగుణమ్మ గోడ పట్టుకుని నిలబడింది. తల మాత్రం దించలేదు.

"నా పిల్లోడికి ఇలా పెట్టలేదమ్మా," అంది.

"విన్నావా? తనే ఒప్పుకుంటోంది," అని కూతుర్ని లాక్కుంటూ అరుగు దిగింది కనకలక్ష్మి.

అనుకున్నట్టే సీమోను ఆటోలో గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. తట్టి లేపింది. దారిపొడుగునా సుగుణమ్మని తిడుతూనే ఉంది.

రేపల్లె దగ్గర పడుతుండగా వెనకనుంచి అంబులెన్సు కూత పెట్టుకుంటూ వచ్చింది. సీమోను దారిచ్చాడు.

"ఎవరికేమైందో," అంటూ కనకలక్ష్మి అలవాటుగా కూతుర్ని దగ్గరికి పొదువుకుంది.

అంతలో సీమోను ఫోన్ మోగింది. విన్నాడు. ఆటో పక్కకి తీసి ఆపేశాడు.

"అమ్మా, పాప సుగుణమ్మ దగ్గర ఏమన్నా తిన్నదా?"

"ఎక్కడ తిననిచ్చింది ఆ మహాతల్లి? ముందు తను మెక్కింది. మిగతాదంతా మట్టిపాలు చేసింది."

సీమోను గట్టిగా ఊపిరి వదిలాడు.

"ఇందాక పోయిన బండిలో ఉన్నది ఆవిడేనమ్మా. వల్లో విషం చేప కలిసిందంట. ఒళ్ళంతా మొద్దుబారి మాట పడిపోయిందంట."

కనకలక్ష్మి దివ్య చెయ్యి పట్టుకుని చూసింది. గరిట దెబ్బ ఇంకా చారగా కనిపిస్తోంది.

"రైలు పోతే పోయింది. ఆటో ఆసుపత్రికి పోనియ్యి," అంది. "ఆవిడ కొడుక్కి ఫోన్ చెయ్యి బాబూ. ముందు కొడుకు రావాలిగా."

సీమోను ఆటో తిప్పాడు.

"కొడుకు పోయాడమ్మా, పాపంత ఉన్నప్పుడే. ఆకలన్నాడని ఆ అరుగు మీదే దాకలోంచి ముక్క తీసి, ఊది, ముందు వాడికే పెట్టింది."